కోడికి గింజలే కాదు, గుక్కెడు నీళ్లూ పెట్టండి

"నా కోడీ, నా కుంపటీ లేకపోతే ఈ వూరికి తెల్లవారేదెట్లా?" అని అలిగి, కోడిని చంకన పెట్టుకొని, కుంపటి చేత పట్టుకొని అడవికి పోయిన ముసలమ్మ కథ మన పల్లెల్లో తెలియనివారు లేరు. తాను లేకపోయినా వూరు తెల్లవారుతుందని ఆమెకు తెలిసివచ్చింది. కథ చెప్పేవారు ముసలమ్మను చూసి నవ్వుకొమ్మంటారు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచి ఒక సందేహం. అడవిలో ఆ రోజంతా కోడికి నీళ్లెవరు పెట్టారు? కథలో ఆ మాట లేదు. మన ఇళ్లల్లోనూ ఆ మాట లేదు.

మిరప ధర, పత్తి ధర, సాగర్ కుడి కాలువకు నీళ్ల విడుదల వంటి పెద్ద సంగతులు వుండగా, కోడికి నీళ్లు పెట్టడం గురించి రాయడమేమిటని కొందరనుకోవచ్చు. పల్నాడులో కోడి ఎన్నడూ చిన్న సంగతి కాలేదు. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడుల కోళ్ల పందెంతోనే ఈ గడ్డ మీద రాజ్యాలు తారుమారయ్యాయని చెప్పుకుంటాం. నేటికీ కారెంపూడి వీరుల ఉత్సవాలు అయిదు రోజులు జరిగితే అందులో ఒక రోజు కోడిపోరు పేరనే జరుగుతుంది. సంక్రాంతి దగ్గర పడితే పందెం పుంజుకు బాదం పప్పులు పెట్టేవారు, ఈత కొట్టించేవారు, ఒళ్లు పట్టేవారు వున్నారు. పందాలను చట్టం వద్దన్నా ఈ సేవ ఆగడం లేదు. అదే వాకిట్లో ఏడాది పొడుగునా గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి, ఇంటి ఆడవాళ్ల చేతిలో నాలుగు రూపాయలు ఆడించే పెట్టకు మాత్రం మట్టి చిప్పలో నీళ్లు పోసే దిక్కు లేదు. ఇది న్యాయమా అని అడగడానికే ఈ నాలుగు మాటలు.

ఇతరులను అనే ముందు మా ఇంటి సంగతి చెప్పుకోవాలి. రెండేళ్ల కిందట మే నెలలో మా ఇంట్లో ఒక పెట్ట పదకొండు గుడ్ల మీద పొదుగుతోంది. దగ్గరి చుట్టాల ఇంట పెళ్లికి ఇంటిల్లిపాదీ బయలుదేరాం. కుక్కలు, పిల్లులు పట్టుకుపోతాయని పెట్ట మీద గంప బోర్లించి, గంప మీద రాయి పెట్టి, వసారాలో వుంచి పోయాం. ముందు నాలుగు గింజలు చల్లాం. నీళ్లు పెట్టాలన్న ధ్యాస మాలో ఒక్కరికీ రాలేదు. మర్నాడు మధ్యాహ్నం తిరిగి వచ్చి గంప ఎత్తి చూస్తే పెట్ట ముక్కు తెరుచుకొని గుడ్ల మీదనే చచ్చిపడి వుంది. గింజలు చల్లినవి చల్లినట్లే వున్నాయి. వడదెబ్బ తగిలిందని మేమనుకున్నాం. పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసి, "ఎండకు కాదు నాయనా, దాహానికి చచ్చింది. పొదిగే పెట్ట పక్కన నీళ్ల చిప్ప లేకుండా ఎవరైనా గంప మూస్తారా?" అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. పెట్టా పోయింది, పదకొండు గుడ్లూ పోయాయి. అందరికన్నా ఎక్కువ బాధపడింది మా అమ్మ. ఆ పిల్లలు పెద్దవయితే అమ్మి మనవరాలికి పట్టీలు చేయిద్దామని ఆమె లెక్క వేసుకొన్నది.

కోడికి చెమట పట్టదు

కోడి ఎందుకు చచ్చిందో తరువాత తెలుసుకొన్నాను. తెలుసుకొన్నది నలుగురికీ చెప్పడం మంచిది.

మనిషికి ఎండ తగిలితే చెమట పడుతుంది. చెమట ఆరినప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. కోడికి చెమట గ్రంథులు లేవు. పైగా ఒళ్లంతా ఈకల దుప్పటి. కోడి ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీలు వుంటుంది. బయట గాలి అంతకంటె చల్లగా వున్నంతసేపు ఒంటి వేడి కొంత గాలికి పోతుంది. గాలి వేడెక్కినకొద్దీ ఆ దారి మూసుకుపోతుంది. మన రెంటచింతలలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు ఎన్నో చూశాం. అటువంటి రోజున గాలే కోడి ఒంటికంటె వేడిగా వుంటుంది. అప్పుడు కోడికి మిగిలిన దారి ఒక్కటే. ముక్కు తెరిచి రొప్పాలి. రొప్పినప్పుడు లోపలి తడి ఆవిరై పోతుంది, ఆ ఆవిరితో పాటు వేడి పోతుంది. ఆ తడి ఎక్కడి నుంచి రావాలి? తాగిన నీళ్ల నుంచే రావాలి. నీళ్లు లేని కోడి రొప్పినకొద్దీ ఒంట్లో వున్న తడినే పోగొట్టుకుంటుంది. మా పెట్టకు జరిగింది అదే.

మామూలు రోజుల్లో కోడి తిన్న తిండి బరువుకు రెండింతల దాకా నీళ్లు తాగుతుంది. ఒక పెద్ద కోడికి రోజుకు సుమారు పావు లీటరు అనుకోవచ్చు. ఎండలు ముదిరితే అది అర లీటరుకు చేరుతుంది. వనరాజా, గ్రామప్రియ వంటి పెద్ద జాతుల కోళ్లను పెంచుకొనేవారు ఇంకొంచెం ఎక్కువే లెక్క వేసుకోవాలి. కోడి ఒంటి బరువులో సగానికి పైగా నీళ్లే. గుడ్డు పగలగొట్టి చూడండి, పెంకు తీసేస్తే లోపల వున్నదానిలో ముప్పాతిక వంతు నీళ్లే. కాబట్టి నీళ్లు తాగని పెట్ట గుడ్డు ఎక్కడ నుంచి పెడుతుంది? ఒక్క రోజు పూర్తిగా నీళ్లు అందకపోతే గుడ్లు తగ్గిపోతాయి. మళ్లీ దారికి రావడానికి వారాలు పడుతుంది. ఇంకా ఎక్కువసేపు దాహంతో వుంటే ఈకలు రాల్చుకొని గుడ్లు పెట్టడమే మానేస్తుంది. "మా పెట్టకు దిష్టి తగిలింది, గుడ్లు మానేసింది" అని ఎర్రనీళ్లు దిగదుడిచి పారబోసేవారున్నారు. ఆ నీళ్లేవో మంచివి చిప్పలో పోస్తే సగం దిష్టి అక్కడే పోతుంది.

ఎండాకాలంలో గుడ్డు పెంకు పలచబడి చేతిలోనే పగిలిపోవడం చాలామంది చూసే వుంటారు. అది కూడా రొప్పడం వల్లనే. అదే పనిగా రొప్పినప్పుడు నెత్తురులోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. పెంకు తయారవడానికి ఆ వాయువు కావాలి. అది తగ్గితే పెంకు పలచబడుతుంది. చల్లని నీళ్లు, చల్లని నీడ వున్న కోడి అంతగా రొప్పదు.

పూర్వం ఎవరు పెట్టారు?

"మా తాతల కాలం నుంచి కోళ్లున్నాయి. ఎవరూ గిన్నెతో నీళ్లు పెట్టలేదు. అవే వెతుక్కొని తాగుతాయి" అనే పెద్దలున్నారు. వారి మాటలో నిజముంది. కాని కాలం మారింది, పెరడు మారింది. పూర్వం ఇంటింటికీ కాకపోయినా వీధికొక బావి వుండేది. చేదిన నీళ్లు కొన్ని ఒలికి బావి గట్టు కింద గుంటలో నిలిచేవి. స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు అరటిచెట్టు మొదట్లోకి పారేవి. గొడ్ల కొట్టంలో తొట్టి వుండేది, తొట్టి కింద ఎప్పుడూ తడి వుండేది. కోడి వెతుక్కొంటే నాలుగడుగుల్లో నీళ్లు దొరికేవి.

ఇప్పుడు బావులు పూడ్చేశాం. పంపు నీళ్లు గంటో, అరగంటో వచ్చి ఆగిపోతాయి. వాకిలంతా సిమెంటు చేశాం, లేదా మన మాచర్ల వైపు నాపరాళ్లు పరిచాం. మధ్యాహ్నానికి ఆ రాళ్ల మీద మనమే కాలు పెట్టలేం, కోడి ఎట్లా నడుస్తుంది? స్నానాల నీళ్లు గొట్టాల్లో పడి పక్క కాలువలోకి పోతున్నాయి. గొడ్లు తగ్గాయి, కొట్టాలు పోయాయి. ఇక కోడికి మిగిలింది వీధి మురుగు కాలువ. దాహం పట్టలేక అందులో ముక్కు పెడుతుంది. తాతల కాలంలో కోడి తనంతట తాను వెతుక్కొన్నదని చెప్పి, నీళ్లన్నీ మూసేసి ఇప్పుడూ వెతుక్కొమ్మంటే ఎక్కడ వెతుక్కుంటుంది?

మురుగుతో వచ్చేది దాహం తీరడం ఒక్కటే కాదు. పిల్లల్లో రక్తపారుడు, పెద్దవాటిలో పారుడు, కడుపులో పురుగులు, అన్నీ ఆ నీళ్లలోనే వస్తాయి. కొక్కెర తెగులు తగిలిన కోడి ముక్కు పెట్టిన నీళ్లలో ఇంకో కోడి ముక్కు పెడితే తెగులు అంటుకుంటుంది. ఒక వీధిలో మొదలైతే వారం తిరగకుండా వూరంతా గూళ్లు ఖాళీ కావడం మనకు తెలిసిన సంగతే.

విషపు నీళ్లు

మన జిల్లాలో ఇంకో ప్రమాదం ప్రత్యేకంగా వుంది. మనది మిరప, పత్తి పండించే ప్రాంతం. పురుగు మందు కొట్టి వచ్చిన మనిషి స్ప్రేయరు డబ్బాను పెరట్లోనో, పంపు దగ్గరో కడుగుతాడు. ఆ నీళ్లు గుంటలో నిలుస్తాయి. దాహంతో వున్న కోడి వచ్చి తాగుతుంది. మోనోక్రోటోఫాస్ వంటి మందులు పక్షులకు మహా విషం. సాయంత్రానికి మెడలు వాల్చి పడిపోయిన కోళ్లను చూసి తెగులు అనుకొని పక్కింటివారిని తిట్టుకొన్న ఇళ్లు వున్నాయి. డబ్బాను పెరట్లో కడగవద్దు. చేలోనే, తాగే నీళ్లకు దూరంగా కడగాలి. మందు డబ్బాను కోసి కోళ్లకు నీళ్ల తొట్టిగా వాడేవారు కూడా వున్నారు. ఎన్నిసార్లు కడిగినా అది మందు డబ్బాయే. దయచేసి ఆ పని చేయవద్దు.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. కోడి ఉప్పును తట్టుకోలేదు. ఉప్పు వేసిన గంజి, గొడ్లకు కలిపిన ఉప్పు కుడితి, పచ్చడి జాడీ కడిగిన నీళ్లు కోడికి పెట్టకూడదు. ఉప్పు తిన్న కోడికి దాహం మరింత పెరుగుతుంది. ఆ సమయంలో మంచి నీళ్లు దొరకకపోతే అది బతకదు. బోరు నీళ్లు ఉప్పగా వున్న వూళ్లలో కోడికి కూడా మనం తాగే నీళ్లే పెట్టడం మేలు. మనం నోట పెట్టుకోలేని నీళ్లు కోడికీ పనికిరావని గుర్తుంచుకొంటే చాలు.

మనకే లేవు, కోడికెక్కడివి?

బొల్లాపల్లి, వెల్దుర్తి వంటి మెట్ట ప్రాంతాల అక్కచెల్లెళ్లు ఈ మాట అడిగితే తప్పు పట్టలేం. ఎండాకాలంలో ట్యాంకరు వచ్చేదాకా బిందెలు వరుసన పెట్టి కూర్చొనే వూళ్లు వున్నాయి. అయినా లెక్క చూడండి. పది కోళ్లున్న ఇంట్లో నడివేసవిలో కూడా రోజుకు అయిదు లీటర్లు చాలు. అది సగం బిందె. అందులోనూ బియ్యం మొదటి కడుగు నీళ్లు వెంటనే చిప్పలో పోస్తే ఒక పూట గడుస్తుంది. మధ్యాహ్నానికి పులవకముందే వాటిని పారబోసి మామూలు నీళ్లు పోయాలి. కూరగాయలు కడిగిన నీళ్లు కూడా పారబోయకుండా వాడుకోవచ్చు. కాకపోతే మందు కొట్టిన కూరగాయల మొదటి కడుగు నీళ్లు మాత్రం వద్దు.

"మేము తెల్లవారుజామునే మిరప కోతలకు పోతాం. మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు?" అని ఇంకొందరు అడుగుతారు. అదీ నిజమే. పనికి పోయే ముందు వెడల్పాటి మట్టి పాత్రలు రెండు నింపి నీడలో పెట్టి పోండి. సాయంత్రం వచ్చి కడిగి మళ్లీ నింపండి. బడి సెలవులిచ్చిన రోజుల్లో ఇంట్లో పిల్లలుంటారు. మధ్యాహ్నం కోళ్లకు నీళ్లు మార్చే పని వారికి అప్పగించండి. ఆ పనికి కూలిగా వారానికి ఒక గుడ్డు వారిదే అనండి, మీరు మరిచిపోయినా వారు మరవరు.

ఎట్లా పెట్టాలి?

దీనికి ఖర్చు ఏమీ లేదు. పాత మూకుడు, పగిలిన కుండ అడుగు భాగం, మట్టి దాక ఏదైనా సరే. మట్టి పాత్రలో నీళ్లు చల్లగా వుంటాయి. ఎండలో పెట్టిన సత్తుగిన్నెలో నీళ్లు గంటలో కాగిపోతాయి. వేడి నీళ్లు కోడి తాగదు. గిన్నె నిండా నీళ్లున్నాయి కదా అని మనం అనుకుంటాం, కోడి మాత్రం దాహంతోనే వుంటుంది. అందుకని పాత్ర ఎప్పుడూ నీడలో, అంటే వేపచెట్టు కిందనో, వసారాలోనో వుండాలి. నీడ తిరుగుతుంది కాబట్టి పొద్దున నీడ వున్నచోట మధ్యాహ్నం ఎండ వస్తుందేమో చూసుకోవాలి. పాత్ర చుట్టూ తడి గోనె చుడితే ఇంకా మంచిది.

పాత్రను నేల మీద కాకుండా రెండు ఇటుకల మీద పెట్టాలి. కోడి వీపు ఎత్తుకు వస్తే చాలు. అప్పుడు కాళ్లతో గీకిన మట్టి, పెంట అందులో పడవు. ఒక్క పాత్రే పెడితే పుంజు, గయ్యాళి పెట్ట ఒకటి చేరి మిగతావాటిని దగ్గరకు రానివ్వవు. రెండు చోట్ల పెడితే ఆ బాధ వుండదు. పిల్లలకు వేరే లోతు తక్కువ మూకుడు పెట్టి అందులో గులకరాళ్లు వేయాలి. రాళ్ల సందున ముక్కు పెట్టి తాగుతాయి, మునిగి చావవు. కుడితి గోలెంలో పడి కోడిపిల్లలు చావడం ఎన్ని ఇళ్లల్లో చూడలేదు! గోలెం మీద మూత వుండాలి.

ఇంకొక తేలిక పద్ధతి వుంది. రెండు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా తీసుకొని, మూతి అంచుకు వేలెడు దూరంలో చిన్న కంత పెట్టాలి. డబ్బా నిండా నీళ్లు పోసి, మీద మూకుడు మూసి, రెండూ కలిపి గబుక్కున బోర్లించాలి. మూకుడు అంచు ఆ కంతకంటె ఎత్తుగా వుండాలి. నీళ్లు కంత దాకా వచ్చి ఆగిపోతాయి. కోళ్లు తాగినకొద్దీ కంతలోంచి గాలి లోపలికి పోయి నీళ్లు దిగుతుంటాయి. కూలికి పోయేవారికి ఇది బాగా వుపయోగం. నీళ్లు ఒలకవు, పెంట పడదు, కోళ్లు అందులోకి దిగవు.

పాత్రను రోజూ ఒకసారి బూడిదతోనో, పీచుతోనో తోమాలి. పచ్చగా నాచు పట్టిందంటే తోమలేదని అర్థం. పంచాయతీ కుళాయిలో వచ్చే క్లోరిన్ కలిపిన నీళ్లు కోళ్లకు హాని చేయవు. కాని టీకా మందు నీళ్లలో కలిపి పట్టించే రోజు మాత్రం క్లోరిన్ నీళ్లు వాడకూడదు, మందు చచ్చిపోతుంది.

వేళ కూడా తెలుసుకోవాలి. చీకట్లో కోడి నీళ్లు తాగదు. రాత్రంతా గూట్లో వుండి పొద్దున దిగేసరికి దానికి దాహంగా వుంటుంది. గూడు తలుపు తీసేసరికి చిప్పలో తాజా నీళ్లు వుండాలి. మళ్లీ గూడెక్కే ముందు సాయంత్రం కడుపు నిండా తాగుతుంది. ఈ రెండు పూటలూ తప్పకూడదు. గింజలు కూడా చల్లపూటనే వేయాలి. తిండి అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. నడి మధ్యాహ్నం గింజలు చల్లితే ఎండ వేడికి ఆ వేడి తోడవుతుంది. ఎండాకాలంలో పగలు నీళ్లు, పొద్దున సాయంత్రం గింజలు అని పెట్టుకోవాలి.

పొదిగే పెట్ట సంగతి మా ఇంటి అనుభవంతో చెబుతున్నాను. అది 21 రోజులు గుడ్లను వదలదు. రోజుకు ఒకసారి లేచి తిని తాగి గబగబా వచ్చి కూర్చుంటుంది. దూరం పోవలసి వస్తే కొన్ని పెట్టలు దాహంతోనే కూర్చుండిపోతాయి. నీళ్ల చిప్ప దానికి రెండడుగుల్లో వుండాలి. ఏ కోడినైనా పగటిపూట గంప కింద మూయవలసి వస్తే నీళ్లు లోపల పెట్టకుండా మూయవద్దు.

కోడి రెక్కలు విడదీసి, ముక్కు తెరిచి రొప్పుతూ వుంటే దాన్ని తరమకుండా నీడకు చేర్చండి. నీళ్లు దగ్గర పెట్టండి. పడిపోతే కాళ్లు చల్లని నీళ్లలో వుంచి, ముక్కు కొనను నీళ్లకు తాకించండి. నోట్లో బలవంతంగా పోయవద్దు, వూపిరితిత్తుల్లోకి పోతాయి. ఐసు నీళ్లు కుమ్మరించడం కూడా మంచిది కాదు.

వూరుమ్మడి తొట్టి మాట

ఉపాధి హామీ పనుల కింద పశువులకు నీటి తొట్లు కట్టిస్తున్నారు. మంచి పని. కొందరు మిత్రులు ఆ తొట్ల పక్కనే కోళ్లకు కూడా ఒక గచ్చు గుంట కట్టించమని అడగాలంటున్నారు. ఈ మాటతో నేను ఏకీభవించలేను. నూరు ఇళ్ల కోళ్లు ఒక్క గుంటలో ముక్కు పెడితే ఒక కోడి తెగులు నూరు ఇళ్లకు పంచినట్లవుతుంది. కొంగలు, కాకులు, బాతులు కూడా అక్కడే దిగుతాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లను గోతుల్లో పూడ్చిన సంగతి ఇంకా ఎవరూ మరవలేదు. పశువులకు వూరుమ్మడి తొట్టి, కోళ్లకు ఎవరింటి చిప్ప వారిది. ఇదే క్షేమం.

అధికారులను అడగవలసింది వేరే వుంది. పెరటికోళ్ల పథకాల కింద మహిళా సంఘాలకు పిల్లలను ఇచ్చేటప్పుడు ప్రతి ఇంటికీ ఒక నీళ్ల పాత్ర కూడా ఇవ్వాలి. పిల్లల ధరతో పోలిస్తే అది ఎంత? వూళ్లో వున్న పశుసంవర్ధక సహాయకులు ఎండలు రాకముందే కొక్కెర తెగులు టీకాలు పూర్తి చేయాలి. పిల్లకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క, ఎనిమిది వారాలకు రెక్క కింద సూది, ఈ రెండూ ప్రతి ఇంటికీ అందాలి. టీకాకు వచ్చిన రోజున నీళ్ల సంగతి కూడా పది మందిని కూర్చోబెట్టి చెబితే ఇంకో ప్రచారం అక్కరలేదు.

చట్టం మాట కూడా చెప్పి వదిలేస్తాను. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం పెంచుకొన్న జీవికి చాలినంత తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం నేరమే. కాని కోడికి నీళ్లు పెట్టలేదని ఎవరినో పోలీసులు పట్టుకుపోవాలని నేను కోరడం లేదు. పోలీసులు రావలసిన పని కాదిది. అయిదు నిమిషాల పని.

2015 మే నెలలో వడగాడ్పులకు మన రాష్ట్రంలోనూ, తెలంగాణాలోనూ కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. మనుషులకే అంత కష్టం వచ్చిన ఆ ఎండల్లో పెరటి కోళ్లు ఎన్ని పోయాయో ఏ ఇంటి లెక్క ఆ ఇంటికే తెలుసు. ఆ లెక్క చేసేది ఆడవాళ్లే. నాటుకోడి ఏడాదికి అరవయ్యో, ఎనభయ్యో గుడ్లు పెడుతుంది. కొన్ని పిల్లల నోట్లోకి పోతాయి, కొన్ని పొదుగుకు పోతాయి, మిగిలినవి అమ్ముడవుతాయి. ఆ డబ్బు మొగవాడి చేతికి పోదు, అప్పులవాడి ఖాతాకు పోదు. పలక, పుస్తకం, జ్వరం మాత్ర, రవిక గుడ్డ, ఇవన్నీ అందులోనే వస్తాయి. పెట్ట చస్తే ఆ ఇంట్లో ఎవరూ పెద్దగా ఏడవరు. కాని ఒక మనిషి చేతిలో డబ్బు తగ్గిపోతుంది.

మా అమ్మ ఇప్పుడు మళ్లీ ఆరు పెట్టలను పెంచుతోంది. వేపచెట్టు కింద రెండు దాకలు, గూటి పక్కన ఒక బోర్లించిన డబ్బా వున్నాయి. నిరుడు ఎండాకాలంలో ఒక్క కోడీ పోలేదు. పట్టీల మాట మళ్లీ మొదలుపెట్టింది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అంతదాకా ఆగవద్దు. ఈ పేపరు చదివి మడిచి పెట్టగానే ఒకసారి పెరట్లోకి వెళ్లి చూడండి. మీ కోళ్లు ఇవాళ నీళ్లు ఎక్కడ తాగాయో చెప్పగలరా? చెప్పలేకపోతే, పాత మూకుడు ఒకటి వెతికి, కడిగి, నింపి, నీడలో పెట్టండి. మిగతా సంగతి కోడి చూసుకుంటుంది.